లండన్ అగ్గిపుల్లల కర్మాగార స్త్రీల సమ్మె (1888): కార్మికోద్యమంలో స్త్రీల పాత్రపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కార్మికోద్యమ చరిత్ర అనగానే మనకు రేవు కూలీలు, గని కార్మికులు, రైల్వే కార్మికులు గుర్తుకు వస్తారు. స్త్రీలు ఆ చరిత్రలో పురుషుల వెనుక నడచినవారుగానో, దయగల పెద్దలు చేయి పట్టుకొని నడిపించినవారుగానో కనిపిస్తారు. ఈ అభిప్రాయం ఎంతవరకు సరియైనదో 1888లో తూర్పు లండన్‌లో జరిగిన ఒక సమ్మె ఆధారంగా పరిశీలిద్దాం. ఈ సమ్మెను ఎంచుకొనుటకు మరొక కారణం కూడా ఉన్నది. ఇందులో క్రైస్తవులు రెండు వైపులా కనిపిస్తారు.

1. కర్మాగారంలోని పరిస్థితులు

బ్రయంట్ అండ్ మే అనే అగ్గిపుల్లల కంపెనీని స్థాపించిన ఇద్దరూ క్వేకర్ క్రైస్తవులు. తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో ఉన్న దాని కర్మాగారంలో పనిచేసేవారిలో అధికులు స్త్రీలు, బాలికలు. పదహారేళ్ల బాలికకు వారానికి నాలుగు షిల్లింగులు వచ్చేవి. అందులోనే జరిమానాలు కోసేవారు. కాళ్లు మురికిగా ఉంటే జరిమానా, పనిచేసే చోటు శుభ్రంగా లేకపోతే జరిమానా. ఆలస్యంగా వస్తే సగం రోజు కూలి పోయేది. మరోవైపు వాటాదారులకు 20 శాతానికి పైగా లాభాలు పంచేవారు.

దీనికంటె ఘోరమైనది తెల్ల భాస్వరం. దాని ఆవిరి వలన పళ్లు ఊడిపోయి, దవడ ఎముక కుళ్లిపోయేది. భోజనానికి వేరే గది లేనందున, పనిచేసే చోటనే రొట్టె తినవలసి వచ్చేది. ఆ విధంగా విషం ఆహారంతో పాటు లోపలికి వెళ్లేది.

2. సమ్మెకు నాంది

1888 జూన్ 23న అనీ బెసెంట్ ‘ది లింక్’ అనే పత్రికలో ఈ పరిస్థితులను బయటపెట్టారు. కంపెనీ వాటాదారులలో మతబోధకులు కూడా ఉన్నారని ఆమె ఎత్తిచూపారు. ఆ వ్రాతలు అబద్ధమని సంతకాలు చేయుమని కంపెనీ స్త్రీలను ఒత్తిడి చేసింది. వారు నిరాకరించారు. ఆ తరువాత ఒక కార్మికురాలిని పనిలోనుండి తొలగించగా, జూలై మొదటి వారంలో దాదాపు 1,400 మంది పని మాని బయటికి వచ్చారు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. సమ్మె చేయుమని బెసెంట్ చెప్పలేదు. ప్రజలు ఆ కంపెనీ అగ్గిపెట్టెలు కొనకుండా మానుకోవాలన్నదే ఆమె ఆలోచన. స్త్రీలే ముందు బయటికి వచ్చి, తరువాత ఆమె సహాయం కోరారు. అప్పుడు ఆమె, ఆమె మిత్రులు నిధి పోగుచేశారు. కార్మిక స్త్రీల బృందం పార్లమెంటు సభ్యులను కలిసి తమ బాధలు స్వయంగా చెప్పుకున్నది. రెండు వారాలు గడవకముందే కంపెనీ దిగివచ్చింది. జరిమానాలు, పని సామగ్రి పేరిట కోతలు రద్దయ్యాయి, భోజనానికి వేరే గది ఇచ్చుటకు ఒప్పుకున్నారు. ఆ నెలలోనే స్త్రీలు తమ కార్మిక సంఘాన్ని ఏర్పరచుకున్నారు. సమ్మె కమిటీ సభ్యురాలైన శారా చాప్మన్ అదే సంవత్సరం లండన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంఘాల మహాసభకు ప్రతినిధిగా వెళ్లింది.

అప్పటివరకు బ్రిటన్‌లో కార్మిక సంఘాలు ఎక్కువగా నైపుణ్యం గల పురుషులవే. కూలీలు, అందునా స్త్రీలు, సంఘంగా నిలబడలేరన్న అభిప్రాయం ఈ సమ్మెతో సడలింది. మరుసటి సంవత్సరమే, 1889లో, లండన్ రేవు కూలీల పెద్ద సమ్మె జరిగింది.

3. పేరు ఎవరికి దక్కింది?

తెలుగువారికి అనీ బెసెంట్ అంటే హోంరూల్ ఉద్యమం, 1915లో స్థాపించిన మదనపల్లె కళాశాల. భారతదేశానికి రాకముందు ఆమె చేసిన సేవలలో ఈ సమ్మె ఒకటి. అయితే దశాబ్దాల తరబడి చరిత్ర పుస్తకాలు ఆమెను సమ్మె నాయకురాలిగా చూపి, పనివారైన స్త్రీలను ‘అగ్గిపుల్లల అమ్మాయిలు’గా మిగిల్చాయి. 2009లో లూయిస్ రా అనే చరిత్రకారిణి ఈ సమ్మెకు నిజమైన నాయకత్వం కర్మాగారం లోపలనే ఉన్నదని తన గ్రంథంలో వాదించారు. సహాయం చేసినవారి పేరు నిలిచి, సాహసం చేసినవారి పేరు మరుగున పడుట చరిత్రలో తరచు జరుగుతూనే ఉన్నది.

4. క్రైస్తవుల స్పందన

సాల్వేషన్ ఆర్మీ 1891లో తూర్పు లండన్‌లోనే సొంత అగ్గిపుల్లల కర్మాగారం తెరిచింది. హానిలేని ఎర్ర భాస్వరం వాడి, ఎక్కువ కూలి ఇచ్చింది. ఇది మెచ్చదగిన పని. అయితే దాని అగ్గిపెట్టె ధర ఎక్కువ. చౌక సరుకుతో పోటీపడలేక ఆ కర్మాగారం 1901లో మూతబడింది.

సమ్మె విజయం కూడా అన్నిటినీ మార్చలేదు. దవడ వ్యాధి కేసులను దాచినందుకు 1898లో బ్రయంట్ అండ్ మేకు శిక్షగా జరిమానా పడింది. 1908లో చేసిన చట్టం 1910 నుండి అమలులోకి వచ్చిన తరువాతనే బ్రిటన్‌లో తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలు అంతరించాయి. కావున కార్మికుల ఐక్యత, కొనేవారి మనస్సాక్షి, ప్రభుత్వ చట్టం ఈ మూడూ కలిసినప్పుడే మార్పు నిలిచింది. వీటిలో మొదటిది లేనిదే మిగిలినవి కదలలేదు.

5. మన ప్రాంతానికి అన్వయం

ఆనాటి తూర్పు లండన్‌లో ఎందరో స్త్రీలు ఇంట్లోనే కూర్చుని అగ్గిపెట్టెలు అతికించేవారు. సమ్మె చేయుటకు వారికి కర్మాగారపు గేటు కూడా లేదు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీల స్థితి దీనికి దగ్గరగా ఉన్నది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగాలేవని పక్కన పెట్టిన బీడీలకు శ్రమ పడినా ఫలితం దక్కదు. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర పనిచేసే స్త్రీని కూడా కార్మికురాలిగా గుర్తించింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక కోడ్ అమలులోకి వచ్చింది. ఈ మార్పు సంగతి ఇంటి గడపలో కూర్చుని పనిచేసే ఆమెకు ఎవరు చెప్పాలి?

ముగింపు

తెలుగులో ‘సంఘం’ అనే ఒకే మాటను విశ్వాసుల సహవాసానికి, కార్మికుల ఐక్యతకు కూడా వాడుతున్నాం. మన సంఘాలలో ఆదివారం చాపల మీద కూర్చునే స్త్రీలలో అనేకులు కూలీలు, బీడీ కార్మికులు, ఇళ్లలో పనిచేసేవారు. వారి పక్షాన మాట్లాడుట మంచిదే. కాని 1888 నాటి స్త్రీలకు ముందుగా అవసరమైనది వారి కొరకు మాట్లాడే నోరు కాదు. వారి మాట వినే చెవి, పని పోయిన వారంలో ఇంట్లో పొయ్యి ఆరకుండా చూచే చేయి. దైవసేవకులు నాయకత్వం వహించనవసరం లేదు. కూడుకొనుటకు మందిరపు తలుపు తెరచి, చట్టం ఏమి చెబుతున్నదో చదివి వినిపించి, వారు నిర్ణయించుకున్న దానికి తోడుగా నిలిస్తే చాలును. వాటాదారులైన ఆనాటి మతబోధకులు చేయలేకపోయినది ఇదే.