వేప్ పట్టినంత మాత్రాన సిగరెట్ పోదు

అత్తిలి కిళ్లీ కొట్ల దగ్గర, భీమవరం, తాడేపల్లిగూడెం కాలేజీ కుర్రాళ్ల గదుల్లో, కొల్లేటి చేపల చెరువుల మీద రాత్రి కాపలా కాసేవాళ్ల మధ్య ఒక మాట పాకుతోంది: ‘సిగరెట్ మానాలంటే వేప్ పట్టు. అందులో ఉండేది ఆవిరే.’ ఈ మాట నమ్మి, మానేద్దామనుకున్నవాళ్లే రెండో అలవాటు తగిలించుకుంటున్నారు. మానాలన్న బుద్ధి పుట్టడమే గొప్ప. అలా పుట్టిన మనిషిని దారి తప్పించే మాటను ఊరికే వదిలేయకూడదు.

అపోహ: వేప్‌లో ఉండేది నీటి ఆవిరి.

వాస్తవం: కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే ద్రవాల్లో నికోటిన్, వాసన కోసం రసాయనాలు కలుపుతారు. లోపలి తీగ వేడెక్కి ఆ ద్రవాన్ని సన్నటి తుంపర చేస్తుంది. ఆ వేడికి ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి, నికెల్, సీసం లాంటి లోహాల రేణువులూ ఆ తుంపరలో కనిపించాయి. ‘5 శాతం’ అని రాసి ఉంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నట్టు. వేప్‌ను చట్టబద్ధంగా అమ్మే బ్రిటన్‌లోనే 20 దాటనివ్వరు. పైగా సిగరెట్ పది పన్నెండు దమ్ములకు అయిపోతుంది. వేప్‌కు ఆ హద్దు లేదు. మంచం మీద, బాత్రూంలో, బండి మీద ఎప్పుడంటే అప్పుడు పీలుస్తూనే ఉంటారు.

అపోహ: వేప్ పట్టాక సిగరెట్లు పది నుంచి రెండుకు తగ్గాయి, సగం గెలిచినట్టే.

వాస్తవం: అసలు దెబ్బ ఇక్కడే. రోజుకు ఒకే సిగరెట్ కాల్చేవాళ్లకు కూడా గుండెజబ్బు ముప్పు తగినంతగా తగ్గదు. రోజుకు 20 కాల్చేవాళ్లకు అదనంగా ఉండే ముప్పులో దాదాపు సగం వీళ్లకూ ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. అంటే తగ్గించడం వేరు, మానడం వేరు. పొద్దున టీతో సిగరెట్, మధ్యాహ్నం వేప్, రాత్రి మళ్లీ సిగరెట్ అంటే రెంటికీ చెడ్డ రేవడి బతుకే.

అపోహ: ఇంగ్లండ్‌లో డాక్టర్లే వేప్ ఇచ్చి మాన్పిస్తున్నారు.

వాస్తవం: ఇందులో నిజం ఉంది, ఒప్పుకోవాల్సిందే. కాల్చిన పొగతో పోలిస్తే వేప్‌లో విషాలు తక్కువ. ఇంగ్లండ్‌లో 886 మందిపై చేసిన పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. ఏడాది తర్వాత వేప్ వాడినవాళ్లలో నూటికి 18 మంది, గమ్, ప్యాచ్ లాంటివి వాడినవాళ్లలో నూటికి పది మంది సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. అయితే వాళ్లంతా మానడానికి ప్రభుత్వ కేంద్రానికి వచ్చినవాళ్లు. కనీసం నాలుగు వారాల పాటు వారం వారం కౌన్సెలింగ్ అందుకున్నారు. వేప్‌తో అలా మానినవాళ్లలోనూ నూటికి 80 మంది ఏడాది తర్వాత వేప్ పీలుస్తూనే ఉన్నారు.

మన దగ్గర వేప్ ఇచ్చి మాన్పించే ఆ కేంద్రం లేదు, చట్టబద్ధంగా అమ్మే ఆ సరుకూ లేదు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుతో, తర్వాత చట్టంతో వేప్‌లతో సహా ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధించారు. అమ్మి మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అందువల్ల మీ జేబులో ఉన్నది చాటుగా వచ్చిన సరుకే. అందులో ఏముందో పరీక్షించినవాళ్లు లేరు. దానికి ఇంగ్లండ్ లెక్క పనికిరాదు.

మిగతావి ఒక్కో మాటలో:

‘ఫ్లేవర్లు తినేవాటిలో కలిపేవే.’ తినడానికి తగినదల్లా ఊపిరితిత్తులకు తగదు.

‘హుక్కా పొగను నీళ్లు వడకడతాయి.’ చల్లబరుస్తాయి, అంతే.

‘చుట్ట సహజం, లంక పొగాకు మంచిది.’ ఏ ఆకు కాల్చినా తారు వస్తుంది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ వైద్యులకు దశాబ్దాలుగా తెలుసు.

‘నికోటిన్ గమ్ కూడా అదే విషం.’ నికోటిన్ అలవాటు చేస్తుంది, క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా పొగలోని విషాలు. గమ్‌లో పొగ లేదు.

కాబట్టి దొంగచాటుగా వేప్ కొనే డబ్బుతో మందుల షాపుకు వెళ్లండి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ డాక్టరు చీటీ లేకుండానే ఇస్తారు. దాన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమలకూడదు. ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గితే మళ్లీ నమలాలి. దానికి పావుగంట ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు. నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించేవాళ్లకు 2 మిల్లీగ్రాములు చాలకపోవచ్చు. వాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగాలి. బుప్రోపియాన్, వారెనిక్లిన్ మాత్రలూ ఉన్నాయి, అవి డాక్టరు రాస్తేనే.

సిగరెట్ డబ్బా మీద 1800-11-2356 అన్న నంబరు 2018 నుంచి అచ్చు వేస్తున్నారు. ఫోను ఉచితం, మానడానికి సాయం చేసే సలహాదారులు మాట్లాడతారు. డబ్బా చేతిలో ఉండగానే ఆ నంబరు నొక్కండి.

షష్ఠి తీర్థం నాటికో, ఉగాదికో మానేస్తానని మొక్కుకుని అప్పటిదాకా కాల్చకండి. రెండు వారాల్లోపు ఒక తేదీ పెట్టుకుని ఇంట్లో చెప్పండి. మొదటి వారం చిరాకు, నిద్రలేమి తప్పవు. నాలుగు వారాల్లో చాలా మటుకు సద్దుమణుగుతాయి. మనసు లాగిన ప్రతిసారీ ఆ లాగుడు కొద్ది నిమిషాలే, ఆ కాస్సేపు కిళ్లీ కొట్టు వైపు వెళ్లకండి. ఒకసారి తప్పితే మళ్లీ తేదీ పెట్టుకోండి. మానినవాళ్లలో చాలామంది ఒకటికి రెండుసార్లు ఓడి మానినవాళ్లే.