పరుగునకు ముందు పరీక్ష

వంశానుగతమైన గుండెజబ్బుచే తండ్రినో అన్ననో అకాలమున కోల్పోయి, హృద్రోగుల చికిత్సకై విరాళములు కూర్చదలచి, ప్రగతి నగర్‌లోని అంబీర్ చెరువు చెంత వేకువనే పరుగు సాధన చేయు యువకుని సంకల్పము నాకెంతయు పూజ్యము. అయినను ఆతడు తొలుత తన గుండెను పరీక్షింపించుకొనవలెను. ఏలయన, హైదరాబాదు నగరముననే హబ్సిగూడలోనున్న సి.సి.ఎం.బి. అను పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞుడు కుమారసామి తంగరాజ్ బృందము 2009లో ప్రకటించినట్లు, గుండె కండరమునకు చెందిన ఎం.వై.బి.పి.సి.3 అను జన్యువునందు 25 క్షారయుగ్మములు లోపించుట దక్షిణాసియా ప్రజలలో సుమారు 4 శాతము మందియందు కానవచ్చుచున్నది. లోపము గలవారందరును రోగులు కారు. కొందరికి వయసు ముదిరినకొలది గుండె బలహీనపడును. తలిదండ్రులలో ఒకరికున్నను సంతానములో ఒక్కొక్కరికిని సంక్రమించు అవకాశము సగము. ఇట్టి జన్యులోపములచే కండరము దళసరియైన గుండె తీవ్రశ్రమవేళ లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చును. ఇ.సి.జి., ఎకో పరీక్షలు ఈ గుండెజబ్బు జాడను చాలవరకు తెలుపును. వైద్యుడు పరుగు వలదన్నచో నడచియైనను విరాళములు కూర్చవచ్చును, పరుగెత్తు మిత్రులకు దారి పొడవునా నీరందింపవచ్చును.