చేతిఫోనులో చెరగని వ్రాత

నరసరావుపేటలోనైనను, మాచర్లలోనైనను, గురజాలలోనైనను ఒక క్రొత్త ఆండ్రాయిడ్ ఫోను కొని తెరచి చూచినచో, కొన్నవారు కోరని యాప్‌లు కొన్ని అందులో ముందే కొలువుదీరి యుండును. పాటలకు ఒకటి, సినిమాలకు ఒకటి, రీచార్జికి ఒకటి, బేరసారములకు మరియొకటి. వీనిలో కొన్ని ఫోను తయారుచేసిన కంపెనీవి; కొన్ని సిమ్ కార్డునిచ్చు నెట్‌వర్కు కంపెనీవి. మనము వేసికొన్న యాప్‌పై వ్రేలు నొక్కి పట్టినచో ‘అన్‌ఇన్‌స్టాల్’ అను మాట కనబడును. ఈ యాప్‌లలో చాలవానికి ఆ మాట రాదు. ‘డిసేబుల్’ అని మాత్రము వచ్చును; ఒక్కొక్కప్పుడు అదియును రాదు.

సొమ్ము చెల్లించి కొన్న వస్తువులో, కొన్నవాడు తీసివేయలేనిది ఎట్లుండగలదు? దీనికి కొందరు చెప్పు ఉపాయము ఫోనును ‘రూట్’ చేయుట. ఆ మాటకు అర్థమేమి, అది చేసినందువలన నిజముగా కలుగు లాభమెంత, నష్టమెంత అనునది తెలియవలెనన్న ఫోను లోపలి నిర్మాణమును కొంత పరిశీలింపవలెను.

శిలాశాసనము, పలక

పల్నాడు సున్నపురాతి సీమ. క్రీస్తుశకము 3వ శతాబ్దములో ఇక్ష్వాకుల కాలమున ఈ రాతిపై చెక్కిన శాసనములు నాగార్జునకొండలో లభించినవి. వానిని ఎవరైనను చదువవచ్చును. దారిన పోవువాడు తుడిచివేయుటకు మాత్రము వీలులేదు. బడిపిల్లవాని పలక అట్టిది కాదు. దానిపై వ్రాయవచ్చును, తుడువవచ్చును, మరల వ్రాయవచ్చును.

ఫోనులోని స్థిరమైన మెమరీ ఈ రెండు విధములుగాను విభజింపబడి యుండును. మొదటిది వ్యవస్థా విభాగము. ఆండ్రాయిడ్ వ్యవస్థయు, దానితోపాటు తయారీదారుడు చేర్చిన యాప్‌లును ఇందులో ఉండును. ఫోను పని చేయుచున్నంతసేపు ఈ విభాగమును చదువుటయే గాని దానిపై వ్రాయుట ఉండదు. రెండవది దత్తాంశ విభాగము. మనము వేసికొన్న యాప్‌లు, తీసిన ఫొటోలు, వచ్చిన సందేశములు అన్నియు దీనిలో చేరును. మొదటిది శిలాశాసనము, రెండవది పలక.

‘ఫ్యాక్టరీ రీసెట్’ చేసినప్పుడు తుడువబడునది పలక మాత్రమే. అందుచేతనే రీసెట్ తరువాత మన యాప్‌లు మాయమగును. కంపెనీవారి యాప్‌లు మాత్రము చెక్కుచెదరక మరల దర్శనమిచ్చును.

ఇందుండి అనేకులు గమనింపని విషయమొకటి తేలుచున్నది. 32 గిగాబైట్ల ఫోనులో వ్యవస్థా విభాగమునకు కొంత చోటు కర్మాగారములోనే కేటాయింపబడి యుండును. అందులోని యాప్‌ను ఏదో విధముగా చెరిపివేసినను, ఆ చోటు ఫొటోలకు లభింపదు. శాసనములో ఒక పంక్తిని గొరిగివేసినచో పలక పెద్దదగునా? కాదు. అయితే ఆ యాప్‌కు తరువాత వచ్చిన క్రొత్త కూర్పులు, అది ప్రోగుచేసికొన్న సమాచారము పలకపైననే ఉండును. చోటు కావలెనన్న తీయవలసినవి అవి. వానిని తీయుటకు రూట్ అవసరము లేదు.

నెట్‌వర్కు యాప్‌లు ఎట్లు చేరినవి?

ఆండ్రాయిడ్‌తో వచ్చిన మొదటి ఫోను 2008లో అమెరికాలో టి-మొబైల్ అను నెట్‌వర్కు కంపెనీ పేరుతో వెలువడినది. అక్కడ నెట్‌వర్కు కంపెనీలే ఫోనులను వాయిదాల పద్ధతిపై అమ్ముట వాడుక. అమ్మువారు తమ యాప్‌లను కూడ లోపల చెక్కించి అమ్మిరి. మన దేశములో 2009లో హెచ్‌టీసీ మ్యాజిక్ అను ఆండ్రాయిడ్ ఫోను ఎయిర్‌టెల్ ద్వారా వచ్చినది. తరువాత ఇక్కడ ఎక్కువమంది ఫోనును దుకాణములో విడిగాను, సిమ్మును విడిగాను కొనుట అలవాటైనందున, మన ఫోనులలో నెట్‌వర్కు యాప్‌లకంటె తయారీదారుల యాప్‌లే అధికముగా కనబడును. నెట్‌వర్కు కంపెనీయే ఫోనును విడుదల చేసినచో సంగతి వేరు. 2021 నవంబరులో వచ్చిన జియోఫోన్ నెక్స్ట్ అట్టిది. జియో, గూగుల్ యాప్‌లు అందులో ముందే ఉండెను.

ఆంధ్రదేశములో శ్రీసిటీలో 2015లో షియోమీ ఫోనుల కూర్పు ప్రారంభమైనది. అక్కడనే గాక ఏ కర్మాగారములోనైనను పద్ధతి యొక్కటే. యాప్‌లను ఒక్కొక్కటిగా వేయరు. వ్యవస్థనంతటిని ఒక అచ్చుగా సిద్ధపరచి, ఆ అచ్చును ప్రతి ఫోనులోను దించుదురు. ఏ యాప్ ఆ అచ్చులో చేరినదో అది ఆ రకపు ఫోనులన్నిటిలోను చేరును.

కాలువ షట్టరు తాళపుచెవి

నాగార్జునసాగర్ కుడికాలువ నీరు పల్నాటి పొలములకు పారును. రైతు తన పొలము గట్టు తెంచి నీరు పెట్టుకొనవచ్చును; పక్కవాని మడవ ముట్టరాదు. లస్కరు తనకు అప్పగించిన తూములను చూచుకొనును. ప్రధాన కాలువ గేట్లు మాత్రము ఇంజనీర్ల అధీనములో ఉండును. ఎవరి అధికారము వారిది.

ఆండ్రాయిడ్‌కు పునాదియైన లినక్స్‌లో అధికారము ఇట్లే అంచెలుగా పంచబడినది. ఈ పద్ధతి 1969లో ఆరంభమైన యునిక్స్ నుండి వచ్చినది. దాని ననుసరించి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను వెలువరించెను. ఇందులో ప్రతి వినియోగదారునికి ఒక సంఖ్య ఉండును. ఆండ్రాయిడ్‌లో వింతయేమనగా, ప్రతి యాప్‌ను ఒక ప్రత్యేక వినియోగదారునిగా ఎంచి, 10,000 మొదలుకొని సంఖ్యల నిచ్చెదరు. ఒక సంఖ్య గల యాప్ మరియొక సంఖ్య గల యాప్ సమాచారమును చూడరాదు. కేబులుతో కంప్యూటరు నుండి ఫోనుకు ఆజ్ఞల నిచ్చునప్పుడు ఆ ఆజ్ఞలు 2000 సంఖ్య గల వినియోగదారుని పేర నడచును. వీరందరికిని పైనున్నవాని సంఖ్య సున్న. వానికి ‘రూట్’ అని పేరు. అడ్డు చెప్పుటకు సాధారణ నియమము లేవియు వానికి వర్తింపవు.

ఫోను కొన్నవానికి సున్న సంఖ్య అధికారము ఇవ్వబడదు. ఆ అధికారమును సంపాదించుటయే రూట్ చేయుట. అనగా పొలము గట్టున నున్న రైతు ప్రధాన గేట్ల తాళపుచెవిని చేజిక్కించుకొనుట.

ముద్ర విరిగినచో

తాళపుచెవి దొరకినంత మాత్రమున పని ముగియదు. శాసనమును ఎవరైనను మార్చిరా అని పరీక్షించు ఏర్పాటు వేరుగా ఉన్నది. ఇది 2013లో ఆండ్రాయిడ్ 4.4తో ప్రవేశించి, 2016లో 7.0 నుండి కఠినముగా అమలుకు వచ్చినది.

దీని లెక్క విద్యార్థులకు ఆసక్తి కలిగించును. వ్యవస్థా విభాగమును 4,096 బైట్ల ముక్కలుగా చేయుదురు. ప్రతి ముక్కనుండి ఒక గణిత ప్రక్రియచే 32 బైట్ల ముద్రను తీయుదురు. ముక్కలో ఒక్క అక్షరము మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. విభాగము 4 గిగాబైట్లనుకొన్నచో ముక్కలు 10,48,576. ఒక ముక్కలో 128 ముద్రలు పట్టును గనుక, ఈ ముద్రల నుంచుటకు 8,192 ముక్కలు చాలును. వాని ముద్రలకు 64 ముక్కలు; ఆ 64 ముద్రలకు ఒక్క ముక్క. చివరకు ఆ ఒక్క ముక్కకు ఒక్క ముద్ర. పది లక్షల ముక్కల సత్యము 32 బైట్లలో ఇమిడినది! ఈ తుదిముద్ర సరియైనదని తయారీదారుని సంతకము సాక్ష్యము చెప్పును. ఎక్కడ ఏమి చెరిపినను లెక్క తప్పును. ఫోను ఆ ముక్కను చదువ నిరాకరించును, లేక అసలు మొదలు కాకనే ఆగిపోవును.

కనుక రూట్ చేయదలచినవారు ముందుగా, ఫోనును మేల్కొలుపు ‘బూట్‌లోడర్’ అను తొలి ప్రోగ్రామునకు ఉన్న గడియ తీయవలెను. గడియ తీయగానే పలకపైనున్నదంతయు తుడిచివేయబడును. ఇది శిక్ష కాదు, రక్షణ. దొంగిలించిన ఫోను గడియ తీసి యజమాని రహస్యములను చదువకుండుటకే ఈ ఏర్పాటు. శామ్‌సంగ్ వారి అనేక ఫోనులలో ఇట్లు రూట్ చేయు క్రమములో ఒక సూక్ష్మమైన ఎలక్ట్రానిక్ ఫ్యూజు కాలిపోవును. దానిని మరల అతికించుట సాధ్యము కాదు.

ఇంకొక విశేషము కలదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నాటినుండి క్రొత్త ఫోనులలో వ్యవస్థా విభాగము, రూట్ సైతము నేరుగా వ్రాయుటకు వీలులేని రీతిలో కూర్చబడుచున్నది. అందుచేత 2016లో వెలువడిన మ్యాజిస్క్ వంటి సాధనములు శాసనమును చెక్కవు. దానిపై ఒక తెర కప్పును. తెరచాటున పడిన యాప్ వ్యవస్థకు కనబడదు, కాని రాతిమీదనే ఉండును. ఇంత సాహసము చేసి సాధించినది కప్పుట మాత్రమే యైనచో, కప్పుటకు ఇంతకంటె సులభమైన దారి లేదా అను ప్రశ్న పుట్టును. ఉన్నది.

మూడు దారులు

మొదటిది డిసేబుల్ చేయుట. యాప్ నిద్రపోవును, నడువదు. దాని క్రొత్త కూర్పులను, సమాచారమును తీసివేసినచో పలకపై చోటు మిగులును. కావలెనన్న మరల మేల్కొలుపవచ్చును.

రెండవది, డిసేబుల్ అను మాట కూడ రాని యాప్‌లకు. ఫోనును కేబులుతో కంప్యూటరుకు కలిపి, ఆ యాప్‌ను ఈ వినియోగదారునికి తీసివేయుమని ప్యాకేజీ మేనేజరుకు ఆజ్ఞ ఇచ్చుట. 2000 సంఖ్య గల అధికారమే దీనికి చాలును. గడియ తీయనక్కరలేదు, ముద్ర విరుగదు. పొరపాటున తీసినదానిని మరియొక ఆజ్ఞతో తిరిగి తెచ్చుకొనవచ్చును. కొందరు తయారీదారులు కొన్ని యాప్‌లకు దీనినికూడ అడ్డగింతురు.

మూడవది రూట్. మొదటి రెండు దారులు మూసుకొన్నప్పుడు, ఫోనులోని సమస్తమును పోగొట్టుకొనుటకు సిద్ధపడినప్పుడు మాత్రమే ఇది ఆలోచింపదగినది. రూట్ చేసిన ఫోనులో పెక్కు బ్యాంకు యాప్‌లు పని చేయుటకు నిరాకరించును. మిరప, ప్రత్తి అమ్మిన సొమ్ము కూడ యూపీఐ ద్వారా చేరుచున్న ఈ దినములలో ఇది చిన్న నష్టము కాదు. పైగా తాళపుచెవి యజమానికి దొరకినదనగా, ఏమరిపాటున అనుమతించిన దుష్ట ప్రోగ్రామునకును దొరకవచ్చును.

ఏ దారిన పోయినను పేరు చూచి యాప్‌ను తీయుట ప్రమాదము. నెట్‌వర్కుకు సంబంధించినవన్నియు పనికిరానివి కావు. 2016లో వచ్చిన జియో నెట్‌వర్కులో మాటలు సైతము డేటా రూపముననే పోవును. దీనికి ఫోనులో ఒక సేవా ప్రోగ్రాము అవసరము. దానిని తీసివేసినచో ఇంటర్నెట్ పని చేయవచ్చును గాని, ఆపదలో 108కి చేయు పిలుపు వెళ్ళకపోవచ్చును. పాటల యాప్ తీసినచో పాట పోవును. సేవా ప్రోగ్రాము తీసినచో మాట పోవును.

ఇది చోటు సమస్య మాత్రమే కాదు

ముందే వేసిన యాప్‌లలో కొన్నిటికి, మనము వేసికొను యాప్‌లకు లభింపని ప్రత్యేకానుమతులుండును. 2011 నవంబరులో ట్రెవర్ ఎకార్ట్ అను అమెరికా పరిశోధకుడు, నెట్‌వర్కు కంపెనీల కొరకు క్యారియర్ ఐక్యూ అను ప్రోగ్రాము అనేక ఫోనులలో మరుగున పని చేయుచున్నదని చూపెను. నెట్‌వర్కు నాణ్యత తెలిసికొనుటకే యని కంపెనీలు చెప్పినను, యజమానులకు తెలియకుండ అది లోపలనుండుట పెద్ద చర్చకు కారణమైనది.

మన దేశములో భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించుచు, ముందే వేసిన తన యాప్‌లను తీసివేయుటను ఆ కంపెనీ అడ్డగింపరాదని కూడ ఆదేశించెను. 2023 మార్చి 29న అప్పిలేటు ట్రిబ్యునల్ జరిమానాను నిలిపి, ఈ యాదేశమును మరికొన్నింటితో పాటు కొట్టివేసెను. 2025 నవంబరు 28న టెలికాం శాఖ, సంచార్ సాథీ యాప్‌ను క్రొత్త ఫోనులలో ముందే వేయవలెనని తయారీదారుల నాజ్ఞాపించి, ప్రజలలో చర్చ చెలరేగగా డిసెంబరు 3న ఆ నిర్బంధమును ఉపసంహరించెను. యాప్ వేయువారు కంపెనీయైనను ప్రభుత్వమైనను, తీసివేయు హక్కు ఎవరిదను ప్రశ్న ఒక్కటే.

ఆ ప్రశ్నను చట్టము తేల్చులోపల విద్యార్థి చేయగల పని యున్నది. సెట్టింగులలో యాప్‌ల జాబితా తెరచి, ముందే వచ్చినవి ఏవో, ఒక్కొక్కటి పలకపై ఎంత చోటు వాడుచున్నదో, మైకునకు, స్థానమునకు, పరిచయస్థుల జాబితాకు దేనికి అనుమతి యున్నదో వ్రాసికొనవలెను. అక్కరలేని అనుమతులను తీసివేసి, అక్కరలేని యాప్‌ను డిసేబుల్ చేసి, రెండు దినములు పిలుపులు, సందేశములు సరిగా వచ్చుచున్నవో లేదో చూడవలెను. తరగతిలో ఇరువది మంది జాబితాలను పోల్చినచో ఏ కంపెనీవారు ఎన్నిటిని చెక్కి పంపుచున్నారో తెలియును. తాళపుచెవిని వెదకుటకు ముందు, తన చేతనున్న అధికారము ఎంతవరకున్నదో యజమాని తెలిసికొనవలెను. పల్లెలో ఎక్కువ ఫోనులకు ఆ అధికారమే చాలును.