మూలికలును మనోవ్యథయు

పెన్నేరు, సరస్వతియాకు మొదలగు మూలికలు చింతవలన గలుగు మనఃక్లేశమును పోగొట్టునని మన పెద్దలు చెప్పుదురు. పెద్దల మాట గౌరవార్హమే. కాని పరీక్షకు నిలిచిననేగాని యది ప్రమాణము గాజాలదు.

1977లో పోర్సాల్ట్ ప్రభృతులు ఎలుకలను వెలువడ వీలులేని నీటిపాత్రలో విడిచి, అవి యీత మాని యెంతసేపు కదలకుండునో లెక్కించిరి. క్రుంగుబాటునకు వాడు మందులిచ్చినయెడల ఆ నిశ్చలత తగ్గినది. నాటినుండి మూలికాసారములను గూడ నిట్లే పరీక్షించుచున్నారు. అయితే వట్టి ఉత్తేజకద్రవ్యము సైతము ఎలుకను ఈదించును. కావున ఎలుక యీదినంతమాత్రమున మనుష్యుని దిగులు తీరునని తలపరాదు.

ఐరోపావారు వాడు సెయింట్ జాన్స్ వర్ట్‌ను అమెరికాలో 340 మంది రోగులపై పరీక్షించి 2002లో ఫలితములు ప్రకటించిరి. కొందరికి మూలిక, కొందరికి సెర్ట్రలీన్, కొందరికి మందులేని ఉత్తమాత్ర నొసగిరి. మూలికయేగాదు, సెర్ట్రలీన్ సైతము ఉత్తమాత్రను మించినట్లు ప్రధానమైన కొలతలలో తేలలేదు. 2008లో 29 పరీక్షలను సమీక్షించినవారికి మాత్రము మూలిక ఉత్తమాత్రకంటె మేలని కనబడినది. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదనుట కిదియే నిదర్శనము.

పైగా నీ మూలిక, అవయవమును మార్పించుకొన్నవారు సేవించు సైక్లోస్పోరిన్ బలమును తగ్గించును. ఆకులలములేగదా యని వైద్యునకు దెలుపక వాడుట ప్రమాదకరము. మన మూలికల కీర్తిని నిలుపగోరువారు మొదట వానిని పరీక్షకు నిలుపవలెను.