మీకు తెలుసా? జీతాలు ఆపి కొత్త కబేళాలు ఆపారు!

మాంసం కోసం గుర్రాలను వధించకూడదని అమెరికాలో దేశవ్యాప్త శాశ్వత చట్టమేదీ లేదు. అయినా 2007 తర్వాత అక్కడ గుర్రపు మాంసం కబేళా ఒక్కటీ నడవడం లేదు.

● టెక్సస్‌లో రెండు, ఇల్లినాయ్‌లో ఒకటిగా మిగిలిన చివరి మూడు కబేళాలు 2007లో ఆ రాష్ట్రాల చట్టాల వల్ల మూతపడ్డాయి. అమ్మే మాంసాన్ని అమెరికాలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేసి తీరాలి. గుర్రపు మాంసం తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ల జీతాలకు మాత్రం అక్కడి చట్టసభ బడ్జెట్‌లో డబ్బు ఇవ్వడం లేదు. ఇన్‌స్పెక్టర్ లేడు కాబట్టి కొత్త కబేళా తెరిచే వీలూ లేదు.

● అయితే వధ కోసం గుర్రాలను సరిహద్దు దాటించడంపై దేశవ్యాప్త నిషేధం లేదు. అందుకే పరుగు తగ్గిన పందెం గుర్రాలు కొన్ని వేలంపాటల మీదుగా మెక్సికో, కెనడా కబేళాలకు చేరుతూ వచ్చాయి. పందెం గుర్రాల విషయంలో ఈ దారి మూయడానికి న్యూయార్క్ రాష్ట్రం 2021 డిసెంబరులో చట్టం చేసింది. పందెం గుర్రాలనూ, వాటి సంతతి కోసం పెంచే గుర్రాలనూ వధకు అమ్మడం, తరలించడం అక్కడ నేరం.

● పేరున్న పందెం గుర్రాలకూ ఈ గతి తప్పలేదు. 1986 కెంటకీ డెర్బీ పందెం విజేత, 1987లో అమెరికా ఉత్తమ గుర్రంగా ఎంపికైన ఫెర్డినాండ్‌ను 1994లో సంతతి కోసం జపాన్‌కు అమ్మారు. 2002లో అది అక్కడ కబేళా పాలైందన్న సంగతి మరుసటి ఏడాది బయటపడింది.