ముక్కు, గొంతుల్లో చేరే సి.ఎం.వి. – గర్భిణీ తల్లులకు ఒక మాట

చంటిబిడ్డ ముక్కు చీది, అదే చేత్తో ముద్దలు పెట్టి, బిడ్డ వదిలేసిన అన్నం తాను తినేసే తల్లులను మా పిల్లల వార్డులో రోజూ చూస్తుంటాము. కన్నబిడ్డ ఎంగిలి ఎంగిలే కాదని మన తల్లుల భావన. మామూలు రోజుల్లో దానివల్ల పెద్ద ముప్పు లేదు. కాని ఆ తల్లి మళ్ళీ గర్భవతి అయివుంటే సైటోమెగలోవైరస్ గురించి తెలుసుకోవాలి. పొట్టిగా సి.ఎం.వి. అంటారు.

ఇది హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్. లాలాజలం, మూత్రం, కన్నీరు, చనుపాలు, రక్తం, లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. చొంగ తగిలిన చెయ్యి మన నోటికో ముక్కుకో తగిలితే చాలు, అక్కడి పలుచని పొరలోని కణాల్లో ప్రవేశించి నెమ్మదిగా పెరుగుతుంది. వైరస్ పట్టిన కణం ఉబ్బి, మైక్రోస్కోపులో గుడ్లగూబ కన్నులా కనబడుతుంది. 'సైటో' అంటే కణం, 'మెగలో' అంటే పెద్దది. పిల్లలకు ముక్కు వెనుక, కొండనాలుకకు పైన అడినాయిడ్స్ అనే మెత్తని కండ ఉంటుంది. 1956లో అమెరికాలో వాలెస్ రో, ఆయన సహచరులు ఆపరేషన్ చేసి తీసిన ఈ కండలోనే ఈ వైరస్‌ను కనుగొన్నారు.

అక్కడి నుండి తెల్లరక్తకణాల ద్వారా ఒళ్ళంతా తిరిగి లాలాజల గ్రంథులు, మూత్రపిండాలు చేరుతుంది. అందుకే ఏ జబ్బూ లేనట్టు ఆడుకునే బిడ్డ చొంగలోను, మూత్రంలోను నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి వైరస్ ఉంటుంది. ఒకసారి సోకితే జీవితాంతం ఒంట్లో అణగి ఉంటుంది. మన దేశంలో పెద్దవారిలో చాలా ఎక్కువమందికి ఇది ఎప్పుడో సోకినదే. కొందరికి జ్వరం, గొంతునొప్పి, మెడలో బిళ్ళలు కట్టడం, కొన్ని వారాల నీరసం ఉంటాయి. అప్పుడు "సూదిమందు వెయ్యండి సిస్టర్" అని పట్టుబట్టవద్దు. యాంటిబయాటిక్ వైరస్‌పై పనిచేయదు. హెచ్.ఐ.వి. ఉన్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి. వారికి కళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు.

గర్భంలోని శిశువుకు సోకితే ముఖ్యంగా వినికిడి పోవచ్చు. తల్లికి మొదటిసారి సోకినప్పుడు ప్రమాదం ఎక్కువ. ముందే సోకిన తల్లికి తక్కువే గాని అసలు లేకపోలేదు. పుట్టినప్పుడు బాగా విన్న బిడ్డకు కూడా తరువాత చెవుడు రావచ్చు. పిలిస్తే పలకని బిడ్డను మొండివాడని కొట్టకండి, చెవి పరీక్షకు తీసుకురండి. పుట్టుకతో సోకిందా అని తేల్చాలంటే 21 రోజులలోపే బిడ్డ లాలాజలం గాని మూత్రం గాని పరీక్షించాలి. లాలాజలమైతే పాలిచ్చిన గంట తరువాత తీస్తాము, ఎందుకంటే పాలలోని వైరస్ కలిసి పొరపాటు ఫలితం రావచ్చు. అవసరమైన శిశువులకు మందు ఉంది, అది డాక్టరే నిర్ణయించాలి. టీకా ఇంకా అందుబాటులోకి రాలేదు.

గర్భిణీలు బిడ్డ చెంచా, గ్లాసు, మిగిల్చిన అన్నం ముట్టవద్దు. పాలపీక కిందపడితే మీ నోట పెట్టి తుడవవద్దు. బిడ్డను పెదవులపై గాక నుదుటిమీద ముద్దు పెట్టుకోండి. ముక్కు తుడిచాక, తడిబట్టలు మార్చాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి. ఎంగిలి కూడదని అత్తగారు అంటే, ఈ విషయంలో మేము అత్తగారి పక్షమే! అలాగని పెద్దబిడ్డను దూరం పెట్టనక్కరలేదు, ఎత్తుకోండి, పక్కలో పడుకోబెట్టుకోండి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఈ వైరస్ భయంతో చనుపాలు మాన్పించవద్దు. నెలలు నిండక, బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ అయితే పాల సంగతి డాక్టరును అడిగి తెలుసుకోండి.