జబ్బు తగ్గాక మొదలయ్యే వైద్యం

ఎనభై అయిదేళ్ల మనిషి నిమోనియాతో ఆస్పత్రిలో చేరి, వారం తిరిగేసరికి జ్వరం తగ్గి, రక్తపరీక్షలు దారికొచ్చి డిశ్చార్జి అయితే 'గండం గడిచింది' అనుకుంటాం. ఆ మాటలో నిజం సగమే. 70 ఏళ్లు దాటి ఆస్పత్రిలో చేరినవారి మీద కెన్నెత్ కోవిన్‌స్కీ అనే అమెరికా వైద్యుడి బృందం 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. వారిలో మూడో వంతుకు పైగా మంది, జబ్బు పడకముందు తమంతట తాము చేసుకున్న పనుల్లో ఏదో ఒకటి చేసుకోలేని స్థితిలో ఇంటికి వెళ్లారు. ఆ పనులు పెద్దవేమీ కావు: స్నానం చేయడం, బట్టలు మార్చుకోవడం, మంచం దిగి కుర్చీలో కూర్చోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, అన్నం కలుపుకుని తినడం. 90 దాటినవారిలో ఈ నష్టం సగం మందిని మించింది. జబ్బును మందులు తగ్గించాయి, కానీ జబ్బు కాలంలో పోయిన బలం మందులతో రాలేదు. దాన్ని ఇంట్లో, వారాల తరబడి, రోజుకింత చొప్పున తిరిగి కూడగట్టుకోవాలి. కోలుకోవడాన్ని దానంతటదే జరిగిపోయేదిగా వదిలేయకుండా, చేయించాల్సిన వైద్యంగా చూడాలి. మన ఇళ్లలో ఆ వైద్యానికి అడ్డుపడుతున్నవి నిర్లక్ష్యం కన్నా ఎక్కువగా ప్రేమకొద్దీ చేసే రెండు పనులు. ఒకటి కదలనివ్వకపోవడం, రెండోది కడుపు మాడ్చే పథ్యం.

మంచం చేసే కీడు గురించి వైద్యులకు తెలియక కాదు. 1947లోనే రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, రోగిని ఊరికే పడుకోబెడితే ఊపిరితిత్తుల నుంచి పేగుల దాకా ఏ అవయవం ఎలా చెడుతుందో వరసగా రాశారు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో 20 ఏళ్ల ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను 3 వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. 30 ఏళ్ల తర్వాత అదే అయిదుగురినీ మళ్లీ పిలిచి కొలిస్తే తేలిందేమిటంటే, శ్రమకు తట్టుకునే శక్తి విషయంలో ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ 3 వారాల పడక చేసిన నష్టమే ఎక్కువ. ఇక పెద్దవాళ్ల సంగతి: 2007లో సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులను 10 రోజులు పడుకోబెట్టిన ప్రయోగంలో, కాళ్ల నుంచే దాదాపు కిలో కండ కరిగిపోయింది. వాళ్లకు ఏ జబ్బూ లేదు. జ్వరం, ఇన్ఫెక్షన్, తిండి సయించకపోవడం కూడా తోడైన తొంభయ్యేళ్ల శరీరంలో ఆ కరుగుదల ఇంకెంత వేగంగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ అసలు చిక్కు నిల్వల్లో ఉంది. పాతికేళ్ల మనిషి కుర్చీలోంచి లేవడానికి తన తొడ కండరాల బలంలో కొంత వాడితే చాలు. బాగా పెద్ద వయసులో అదే పనికి ఉన్న బలమంతా దాదాపుగా కావాలి. కాబట్టి జబ్బుకు ముందు చక్కగా తిరిగిన మనిషి కూడా నిజానికి గీత అంచున నడుస్తున్నట్టే. అందులో కొద్దిపాటి బలం తగ్గినా లేవగలగడం, లేవలేకపోవడం అనే గీతకు అటుపక్కకు జారిపోతాడు. 'మొన్నటిదాకా బాగానే ఉన్నారే' అని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయేది ఇందుకే. మనకు ఊరటనిచ్చే సంగతి కూడా ఇందులోనే ఉంది. కొద్దిగా బలం పోయినందుకే లేవలేకపోతే, కొద్దిగా బలం తిరిగొచ్చినా లేవగలుగుతాడు.

ఆ వయసులో కండ మళ్లీ వస్తుందా అనేది సహజంగా వచ్చే సందేహం. దీనికి 1990లోనే జవాబు దొరికింది. బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న పదిమందితో మరియా ఫియటరోన్ అనే వైద్యురాలి బృందం 8 వారాలు కాళ్లతో బరువులెత్తే వ్యాయామం చేయించింది. చివరిదాకా చేసినవారిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేసి నడిచారు. నాలుగేళ్ల తర్వాత అదే బృందం సగటున 87 ఏళ్ల వయసున్న 100 మందితో ఇంకా పకడ్బందీగా ప్రయోగం చేసింది. వ్యాయామం చేసినవారిలో బలం రెట్టింపు కన్నా ఎక్కువైంది, నడక వేగం పెరిగింది. వ్యాయామం లేకుండా బలవర్ధక పానీయం మాత్రమే తాగినవారిలో ఏ మార్పూ రాలేదు. డబ్బాల్లో దొరికే హెల్త్ డ్రింకులు కొని తెచ్చి బాధ్యత తీరిందనుకునే మనం ఈ చివరి సంగతిని గుర్తుంచుకోవాలి. వాళ్లు జబ్బు మీద ఉన్నవాళ్లు కారు కదా అంటే, 2019లో స్పెయిన్‌లోని పాంప్లోనా నుంచి మరో అధ్యయనం వచ్చింది. జబ్బుతో ఆస్పత్రిలో ఉన్న, సగటున 87 ఏళ్ల వయసున్న 370 మందిలో కొందరితో రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాలు, వాళ్ల శక్తికి తగిన కసరత్తు చేయించారు. మామూలు వైద్యం అందినవారు డిశ్చార్జి నాటికి తమ పనులు తాము చేసుకునే శక్తిని కొంత పోగొట్టుకుంటే, కసరత్తు చేసినవారు దాన్ని నిలబెట్టుకున్నారు.

ఇంట్లో దీనికి యంత్రాలు అక్కర్లేదు. మొదటి రోజుల్లో చేయాల్సింది మంచంలో లేచి కూర్చోవడం, ఆ తర్వాత కాళ్లు నేలకు ఆనించి కూర్చోవడం. మూడు పూటలా తిండి మాత్రం కుర్చీలోనే కూర్చుని తినాలన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే రోజుకు కనీసం ఆరుసార్లు మంచానికీ కుర్చీకీ మధ్య మారినట్టు. దానివల్ల మరో మేలుంది: పడుకుని తాగించే జావ, నీళ్లు గొంతు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ నిమోనియా రావచ్చు. నిటారుగా కూర్చోబెట్టి తినిపించి, తర్వాత ఒక అరగంట అలాగే ఉంచితే ఆ ముప్పు తగ్గుతుంది. కాస్త నిలదొక్కుకున్నాక, చేతులున్న గట్టి కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం, మొదట రెండుసార్లు, వారం తిరిగేసరికి అయిదుసార్లు, అలా పెంచుకుంటూ పోవడం తొడలకు అన్నిటికన్నా మంచి కసరత్తు. కుర్చీ ఎత్తు చాలకపోతే కింద గట్టి పలకలు వేసి పెంచాలి. మెత్తటి సోఫా పనికిరాదు, అందులోంచి కుర్రవాళ్లే తేలిగ్గా లేవలేరు. డైపర్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. రాత్రిపూట, ప్రయాణంలో దాని అవసరాన్ని కాదనలేం. కానీ పగలంతా కూడా అదే అలవాటైతే, ఆ మనిషి రోజుకు అయిదారుసార్లు మరుగుదొడ్డి దాకా నడిచే నడక పోతుంది. మిగిలిన కాస్త వ్యాయామమూ, దాంతోపాటు కాస్త మర్యాదా కూడా పోతాయి. ఆస్పత్రిలో పెట్టిన మూత్రం గొట్టం ఇంటికొచ్చాక కూడా ఉంటే అది ఇంకా ఎందుకుందో, ఎప్పుడు తీస్తారో డాక్టరును అడగాలి.

'పడితే తుంటి ఎముక విరుగుతుంది, అప్పుడెవరిది బాధ్యత?' అన్న ప్రశ్నను కొట్టిపారేయకూడదు. తుంటి విరగడం ఆ వయసులో ప్రాణాంతకం కావచ్చు. కానీ కదలకుండా ఉంచడం పడిపోయే ముప్పును తప్పించదు, వాయిదా వేస్తుంది, పైగా పెంచుతుంది. ఎవరూ చూడని ఏదో ఒక రాత్రి ఆ మనిషి మరుగుదొడ్డికని ఒంటరిగా లేచి నిలబడతారు, అప్పటికి కాళ్లలో ఇంకా తక్కువ బలం ఉంటుంది. పడకుండా చూసే మార్గాలు వేరే ఉన్నాయి. బాత్‌రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ, తడి లేని నేల, నేల మీద జారే చాపలు తీసేయడం, రాత్రంతా వెలిగే చిన్న దీపం, మడమ పట్టీ ఉన్న చెప్పులు, నేల మీది దొడ్డికి బదులు కమోడ్ లేదా కమోడ్ కుర్చీ. వీటన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు ఆస్పత్రిలో ఒక్కరోజు ఖర్చు కన్నా తక్కువే కావచ్చు. లేవగానే తల తిరిగితే పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డ మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడాలి. పై సంఖ్య 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే తప్పు కాళ్లది కాదు, మందుల వల్లో నీళ్లు చాలకపోవడం వల్లో కావచ్చు. జబ్బుకు ముందు సరిపోయిన బీపీ మాత్ర, బరువు తగ్గి తిండి తగ్గిన ఇప్పటి శరీరానికి ఎక్కువ కావచ్చు. అందుకే డిశ్చార్జి తర్వాత వారం పది రోజుల్లో, పాతవీ కొత్తవీ మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరుకు చూపించడం చాలా అవసరం.

పథ్యం సంగతికొస్తే, జబ్బుపడి లేచినవారికి జావ, గంజి, చారన్నం, బీరకాయ కూర పెట్టి, పప్పూ పెరుగూ గుడ్డూ వారాల తరబడి మాన్పించడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. వాంతులు, విరేచనాలు ఉన్న రెండు మూడు రోజులకు అది సబబే. జ్వరం తగ్గాక మాత్రం అది ఆకలితో మాడ్చడమే అవుతుంది. మామూలు పెద్దలకు భారత వైద్య పరిశోధన మండలి సూచించే ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. జబ్బుపడిన వృద్ధులకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలని అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి 2013లో చెప్పింది. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. రెండు గ్లాసుల రాగిజావ, రెండిడ్లీ, కాస్త చారన్నం అన్నీ కలిపితే పదిహేను గ్రాములు దాటడం కష్టం. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసుడు పాలలో ఆరేడు, ముద్దపప్పులో వాడే గుప్పెడు కందిపప్పులో ఆరేడు, చిన్న చేపముక్కలు రెండు మూడు తింటే పదిహేను దాకా వస్తాయి. ఒకేసారి ఎక్కువ తినలేరు గనక రోజుకు అయిదారుసార్లు కొద్దికొద్దిగా, ప్రతిసారీ ఇలాంటిది ఒకటి ఉండేలా చూస్తే సరి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. 'అరగదేమో' అన్న భయానికి జవాబు ఏమిటంటే, తిండి తగ్గించి జీర్ణశక్తిని కాపాడలేం. కదలిక పెరిగితే ఆకలీ పెరుగుతుంది, మలబద్ధకమూ తగ్గుతుంది.

బలం ఒక్కటే కాదు, ఆస్పత్రి మనసును కూడా కుదిపేస్తుంది. ఉన్నట్టుండి సమయం, చోటు తెలియకపోవడం, లేనివి కనబడడం, పగలు నిద్ర, రాత్రి కేకలు. దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. ఇది చాలామంది అనుకునే మతిమరుపు జబ్బు కాదు. చాలావరకు తగ్గుతుంది, వారాలు పట్టవచ్చు. 1999లో షారన్ ఇనోయి అనే అమెరికా వైద్యురాలి బృందం 70 దాటిన 852 మంది ఆస్పత్రి రోగులపై చేసిన అధ్యయనంలో, కళ్లద్దాలు, వినికిడి యంత్రం దగ్గర పెట్టడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్రకు భంగం లేకుండా చూడడం, రోజూ తేదీ చెప్పి మాట్లాడించడం వంటి మామూలు పనులతో డెలీరియం వచ్చినవారు 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గారు. ఇవన్నీ ఇంట్లో మరింత తేలిగ్గా చేయగలిగేవే. తెలిసిన గది, తెలిసిన గొంతులు, పొద్దున్నే కిటికీలోంచి పడే వెలుతురు ఆస్పత్రి ఇవ్వలేనివి. అదే సమయంలో అప్పటిదాకా నెమ్మదించిన మనిషికి కొత్తగా తికమక మొదలైతే అది కొత్త జబ్బుకు గుర్తు కావచ్చు. బాగా పెద్ద వయసులో ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు. తికమక, మత్తు, ఊపిరి వేగం పెరగడం, మూత్రం తగ్గడం, ఒక్క కాలే వాయడం, తిండి పూర్తిగా మానేయడం వీటిలో ఏది కనబడినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. డిశ్చార్జి అయిన తొలి నెలలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఆ నెలలో తిరిగి ఆస్పత్రికి వచ్చే వృద్ధుల్లో చాలామంది మొదటి జబ్బుతో కాక వేరే జబ్బుతో వస్తారని, ఆస్పత్రి ఒత్తిడే శరీరాన్ని తాత్కాలికంగా బలహీనం చేస్తుందని హార్లన్ క్రమ్‌హోల్జ్ అనే అమెరికా వైద్యుడు 2013లో గట్టిగా వాదించారు.

ఇంత చేసినా అందరూ పాత స్థితికి వస్తారని చెప్పడం మోసమే అవుతుంది. అమెరికాలోని న్యూహేవెన్‌లో 70 దాటిన 754 మందిని నెలనెలా పలకరిస్తూ ఏళ్ల తరబడి సాగిన పరిశోధనలో, కొత్తగా ఒకరి మీద ఆధారపడినవారిలో నూటికి 80 మంది దాకా ఏడాదిలోపు ఏదో ఒక సమయంలో మళ్లీ తమ కాళ్ల మీద తాము నిలబడ్డారు. కానీ ఆస్పత్రి నుంచి కొత్త లోపంతో ఇంటికెళ్లినవారిని మాత్రమే చూసిన మరో అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి 30 శాతం మందే పాత స్థితికి వచ్చారు, 40 శాతానికి పైగా కన్నుమూశారు. కాబట్టి ఎవరి విషయంలో ఏది సాధ్యమో, వాళ్లకు ఏది కావాలో మాట్లాడుకోవాలి. 'ఈ వయసులో ఆమెను ఇంకా ఎందుకు కష్టపెట్టడం?' అన్నవాళ్ల మాటలో కరుణ ఉంది. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ పెద్దావిడే. ఆవిడ కోరేది గుడి దాకా నడవడం కాకపోవచ్చు, ఎవరి సాయమూ లేకుండా మరుగుదొడ్డికి వెళ్లడం కావచ్చు. ఆ ఒక్కదాని కోసమే కసరత్తు మలచవచ్చు. వద్దు, ఇక చాలు అని ఆలోచించి చెబితే దాన్నీ గౌరవించి, నొప్పి లేకుండా చూసే వైద్యం అందించాలి.

ఇదంతా ఎవరు చేస్తారనేది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. ఈ పని ఎక్కువగా కోడలి మీదా కూతురి మీదా పడుతోంది, లేదా ఏజెన్సీ పంపిన అటెండర్ మీద. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి వీడియో కాల్‌లో 'అమ్మను లేవనివ్వకు' అని చెబితే, అటెండర్ ఆ మాటే పాటిస్తుంది. తిట్లు పడకుండా ఉండాలంటే పడుకోబెట్టడమే క్షేమం. అలా చెప్పే బదులు 'ఇవాళ ఎన్నిసార్లు లేచింది, ఎంత దూరం నడిచింది, గుడ్డు తిన్నదా' అని అడిగితే ఆ ఇంట్లో పద్ధతి మారిపోతుంది. ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 దాటినవారందరికీ ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వర్తింపజేశారు. అది మంచి అడుగే. కానీ ఆ పథకం డిశ్చార్జి తర్వాత భరించే ఖర్చు 15 రోజులకే, ఈ వయసువారు కోలుకోవడానికి పట్టేదేమో నెలలు. వారానికి రెండుసార్లు ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టును మూడు నెలలపాటు పథకంలో చేర్చడం, డిశ్చార్జి కాగితంలో మందుల జాబితా పక్కనే జబ్బుకు ముందు ఈ మనిషి ఏమేం చేసుకునేవారో, ఇప్పుడేం చేసుకోగలరో, ఎన్నిసార్లు లేవాలో, ఎంత ప్రొటీన్ తినాలో తెలుగులో రాయించడం వెంటనే మొదలుపెట్టగల పనులు. ఆ కాగితం చేతికొచ్చేదాకా, డిశ్చార్జి రోజున ఈ నాలుగు ప్రశ్నలూ ఇంట్లోవాళ్లే డాక్టరును అడిగి రాయించుకోవచ్చు.